రాత్రంతా మేలుకుని లెక్క రాసే సార్: సిస్‌స్టాట్ చాలాకాలం వాడాక నా మాట

పేరు దగ్గరే మొదలుపెడతా. యూనిక్స్ సర్వర్లలో ‘సార్’ అని ఒక కమాండ్ ఉంది. సర్వర్ ఎప్పుడెంత పని చేసిందో లెక్క రాసిపెట్టే సిస్టమ్ యాక్టివిటీ రిపోర్టర్ అన్నదానికి పొట్టి పేరు. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడితో ఒకరోజు పొద్దున్నే "రాత్రి రెండింటికి ఏమైందో సార్‌ని అడుగు" అంటే నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి అడిగేశాడు. మేనేజరు పాపం రాత్రి రెండింటికి నిద్రపోతున్నాడు. మేలుకుని ఉన్నది ఈ సార్ ఒక్కడే.

ఇది సిస్‌స్టాట్ అనే ప్యాకేజీలో వస్తుంది. సార్ అసలు పుట్టింది ఏటీ అండ్ టీ వాళ్ల సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ వైపు. లైనక్స్‌కి దీన్ని సెబాస్టియన్ గొడార్ అనే ఆయన రాశారు, కాపీరైట్ లైనులో 1999 అని మొదలవుతుంది, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. సార్‌తో పాటు అదే ప్యాకేజీలో ఐవోస్టాట్ (డిస్కులకి), ఎంపీస్టాట్ (సీపీయూలకి), పిడ్‌స్టాట్ (ప్రాసెస్‌లకి), ఎస్‌ఏడీఎఫ్ (సార్ ఫైళ్లని వేరే రూపాల్లోకి మార్చడానికి) కూడా ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు, లైసెన్స్ గొడవ లేదు. రంగురంగుల డాష్‌బోర్డులు ఇన్ని ఉన్న కాలంలో నల్ల తెర మీద అంకెల వరసలు చూపించే ఈ పాత సరుకు గురించి రివ్యూ ఎందుకంటారా, నా ఉద్యోగాన్ని ఇది కాపాడినన్ని సార్లు ఆ డాష్‌బోర్డులు కాపాడలేదు. అలాగని దీని మీద నాకు కోపం లేదనీ కాదు, ఆ సంగతి కూడా చెప్తా.

నడుస్తున్న ప్రోగ్రాంలను (ప్రాసెస్‌లంటారు) చూపించే టాప్ అందరికీ తెలుసు, హెచ్‌టాప్ చాలామందికి ఇష్టం. కానీ వాటితో ఇబ్బంది ఏంటంటే అవి ఇప్పుడు ఏం జరుగుతోందో మాత్రమే చెప్తాయి. సర్వర్లు మనం కళ్లప్పగించి చూస్తున్నప్పుడు మొరాయించవు. రాత్రి మొరాయిస్తాయి, పొద్దున్న మనం లాగిన్ అయ్యేసరికి ఏమీ ఎరగనట్టు బుద్ధిగా కూర్చుంటాయి. సార్ వెనకాల ఎస్‌ఏడీసీ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అది మామూలుగా పది నిమిషాలకోసారి లేచి, కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలో, ఉన్న కౌంటర్లన్నీ చదివి, ఆ రోజు తేదీ పేరున్న ఫైల్లో రాసి మళ్లీ పడుకుంటుంది. సీపీయూ, మెమరీ, స్వాప్ (మెమరీలోంచి డిస్క్ మీదికి తోసిన సామాను), డిస్కులు, నెట్‌వర్క్, రన్ క్యూ (సీపీయూ కోసం నిలబడ్డ పనుల వరస) అన్నీ అందులో పడతాయి. సర్వర్ మీద దీని బరువు దాదాపు లేనట్టే. మనం తర్వాత తీరిగ్గా వచ్చి, ఫైలు ఉన్నంతవరకు ఏ రోజుదైనా, ఏ గంటదైనా తీసి చూసుకోవచ్చు.

ఒక సంగతి చెప్తే దీని విలువ తెలుస్తుంది. ఒక అప్లికేషన్ సర్వర్ ప్రతి రాత్రీ రెండు దాటాక నత్తలా తయారయ్యేది, ఒక్కో రిక్వెస్ట్‌కి ఎనిమిది తొమ్మిది సెకన్లు పట్టేది, రెండు ముప్పావుకల్లా తనంతట తానే సర్దుకునేది. అప్లికేషన్ వాళ్లు డేటాబేస్ అన్నారు, డేటాబేస్ వాళ్లు స్టోరేజ్ అన్నారు, స్టోరేజ్ వాళ్లు మా వైపు అన్నీ పచ్చగానే కనిపిస్తున్నాయన్నారు. ఎవరికి వాళ్లు చేతులు దులుపుకున్నాక నా దగ్గరికి వచ్చింది. ఈలోపే ఎవరో ఒక పెద్దమనిషి "మెమరీ చాలట్లేదు" అని తేల్చేసి 32 జీబీని 64 జీబీ చేయించాడు. ఆ రాత్రి కూడా అదే కథ.

నేను ఆ తేదీ ఫైలు తీసి ఒంటిగంటన్నర నుంచి మూడింటి దాకా చూశా. మొదట సీపీయూ. రెండింటి దాకా ఐడిల్, అంటే ఖాళీ సమయం, ఎనభై శాతం పైనే ఉంది. 02:10 అని ఉన్న వరసలో యూజర్ (ప్రోగ్రాంల పని) 11, సిస్టమ్ (కెర్నల్ పని) 4, ఐవోవెయిట్ (డిస్క్ కోసం ఆగడం) 38, ఐడిల్ 47. (కొత్తవాళ్లు ఇక్కడ పొరబడతారు: 02:10 అని రాసి ఉంటే అది రెండు నుంచి రెండూ పది దాకా జరిగినదాని సగటు, ఆ తర్వాతది కాదు.) అంటే సీపీయూకి పనెక్కువై కాదు, డిస్క్ కోసం ఎదురుచూస్తూ ఉంది. తర్వాత మెమరీ, స్వాపింగ్ చూశా. స్వాప్‌లోకి వెళ్లేవి సున్నా, వచ్చేవి సున్నా. అంటే ఆ 32 జీబీ ఉత్తి పుణ్యానికి కొన్నట్టే. ఇక సార్ మైనస్ డి కొట్టి డిస్కుల వారీగా చూస్తే, లాగ్ ఫైళ్లూ డేటా రెండూ ఉన్న ఒక డిస్క్‌లో ఎవైట్ అనే కాలమ్ (ఒక్కో డిస్క్ రిక్వెస్ట్‌కి సగటున పట్టిన టైము) మామూలుగా రెండు మూడు మిల్లీసెకన్లు ఉండేది, ఆ ముప్పావుగంటా 190 దగ్గర కూర్చుంది. ఒక చిన్న రీడ్‌కి 190 మిల్లీసెకన్లు పడితే, పేజీకి నలభై యాభై రీడ్లు ఒకదాని తర్వాత ఒకటి చేసే అప్లికేషన్‌కి ఎనిమిది తొమ్మిది సెకన్లు పట్టక ఏమవుతుంది, లెక్క అక్కడికక్కడే సరిపోయింది.

ఏ డిస్కో, ఏ టైమో తేలింది. మరి ఆ డిస్క్‌ని పీల్చేస్తున్నది ఎవరు? ఇక్కడ సార్ నోరు మెదపడు. దీనిలో నాకు అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే: మొత్తం సిస్టమ్ లెక్క రాస్తాడు గానీ ఏ ప్రాసెస్ ఎంత వాడిందో రాయడు. అదే ప్యాకేజీలోని పిడ్‌స్టాట్ చెప్పగలదు, కానీ అది మనం నడిపితేనే నడుస్తుంది. సరే, రాత్రి ఒకటీ యాభై అయిదుకి పిడ్‌స్టాట్‌ని మైనస్ డితో, అయిదు సెకన్లకోసారి, 720 సార్లు నడిచేలా క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు మొదలుపెట్టేది) పెట్టి, అవుట్‌పుట్ ఫైల్లోకి పంపి పడుకున్నా. పొద్దున్న చూస్తే దొంగ ఒకడు కాదు, ఇద్దరు. లాగ్ రొటేషన్ రెండింటికి లేచి బండెడు లాగు ఫైళ్లను జీజిప్‌తో కుదిస్తోంది, సరిగ్గా అదే నిమిషానికి బ్యాకప్ స్క్రిప్ట్ లేచి అదే డైరెక్టరీని టార్ చేస్తోంది, అంటే ఒకే ఫైలుగా మూట కడుతోంది. ఒకడు రాస్తుంటే ఇంకోడు చదువుతున్నాడు, మధ్యలో అప్లికేషన్ నలిగిపోతోంది. ఆ రెండు పనులూ వేరువేరు టీములవి, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు, ఇద్దరికీ రాత్రి రెండే మంచి ముహూర్తంగా తోచింది.

బ్యాకప్‌కి ముందు అయోనైస్ (డిస్క్ వాడకంలో ప్రయారిటీ తగ్గించే కమాండ్) పెట్టి చూశా, ఐడిల్ క్లాసులో. అంగుళం తేడా రాలేదు. ఒక రాత్రి వృథా అయ్యాక బుర్ర వెలిగింది: ఆ డిస్క్‌కి ఐవో షెడ్యూలర్ (డిస్క్ పనుల వరస చూసేది) ‘నన్’, అంటే ఏదీ లేదు, అని ఉంది. షెడ్యూలరే లేని చోట ప్రయారిటీ ఎవరు చూస్తారు? చివరికి బ్యాకప్‌ని నాలుగింటికి జరిపి, సర్వర్‌లో సర్వీసులన్నీ నడిపే సిస్టమ్‌డీలోనే దాని రీడ్ వేగానికి ఒక హద్దు పెట్టాం. ఆ రాత్రి 02:10 వరసలో ఎవైట్ 6. అప్లికేషన్ వాళ్లు పొద్దున్నే వచ్చి "ఏం ట్యూనింగ్ చేశారు?" అని అడిగారు. టైము మార్చామన్నా. నమ్మలేదు.

ఐవోవెయిట్ గురించి మాత్రం ఒక హెచ్చరిక. అది కూడా ఒక రకం ఐడిలే. సీపీయూ ఖాళీగా ఉంది, అదే సమయంలో తీరాల్సిన డిస్క్ పని ఏదో ఉంది అని దాని అర్థం. అదే సమయంలో సీపీయూని బాగా తినే ఇంకో పని పెట్టారనుకోండి, డిస్క్ అంతే దరిద్రంగా ఉన్నా ఐవోవెయిట్ మాత్రం తగ్గిపోతుంది, మనం బాగుపడిందని సంబరపడతాం. సొలారిస్ (ఇంకో యూనిక్స్) వాళ్లకి ఈ అంకె మీద ఎంత విసుగొచ్చిందంటే సొలారిస్ 10 నుంచి దాన్ని సున్నా చేసి పడేశారు. అందుకే ఐవోవెయిట్‌ని తలుపు కొట్టిన చప్పుడులా తీసుకుని, లోపలికెళ్లి ఎవైట్ చూడాలి. ఎవైట్ పక్కనే పర్సెంట్ యుటిల్ అనే కాలమ్ ఉంటుంది, దాన్ని చూసి భయపడేవాళ్లు చాలామంది. పాత ఒంటి డిస్కుల రోజుల్లో 100 అంటే నిజంగా డిస్క్ నిండిపోయినట్టే. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలూ ఎన్‌వీఎంఈలూ ఒకేసారి బోలెడు రిక్వెస్టులు మోస్తాయి. అక్కడ యుటిల్ 100 అంటే ఎప్పుడూ కనీసం ఒక రిక్వెస్టయినా చేతిలో ఉంది అని మాత్రమే. ఇంకా పది రెట్లు మోయగలదేమో. ఈ మాట మాన్యువల్ పేజీలోనే రాసి ఉంది, చదివేదెవరు.

ఇప్పుడు కోపాల సంగతి.

మొదటిది, డెబియన్, ఉబుంటు అనే లైనక్స్ రకాల్లో నేను వాడిన వెర్షన్లలో ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన రికార్డింగ్ మొదలవ్వదు. ఈటీసీ కింద డిఫాల్ట్ డైరెక్టరీలో సిస్‌స్టాట్ అనే ఫైలు తెరిచి ఎనేబుల్డ్ అన్న చోట ఫాల్స్‌ని ట్రూ చేయాలి. ఇది తెలియక ఆరు నెలలు సార్ ఉన్నాడన్న ధీమాతో బతికి, తీరా సర్వర్ పడిపోయిన రోజు చూస్తే ఫైలే లేదు. అప్పుడు ఆన్ చేసుకున్నాం, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు. మీ సర్వర్లో ఇప్పుడే వెళ్లి చూసుకోండి, నేను ఆగుతా. రెడ్ హ్యాట్ వైపు ఫైళ్లు వార్ లాగ్ ఎస్‌ఏ లో, డెబియన్ వైపు వార్ లాగ్ సిస్‌స్టాట్‌లో ఉంటాయి.

రెండోది, ఆ పది నిమిషాలు. ఒక్క నిమిషం పాటు సీపీయూ 100కి వెళ్లి, మిగతా తొమ్మిది నిమిషాలూ 10 దగ్గర ఉందనుకోండి. సార్ చూపించేది 19. ఆ ఒక్క నిమిషంలో యూజర్లందరూ ఫోన్లు చేసి అరిచి ఉంటారు, మన రిపోర్టులో మాత్రం 19, ప్రశాంతంగా. దీనివల్ల ఒకసారి మీటింగులో నేను "సర్వర్ బాగానే ఉందండీ" అని గట్టిగా వాదించి తర్వాత నాలుక కరుచుకున్నా. అప్పట్నుంచి నేను చూసే ప్రతి సర్వర్‌లోనూ నిమిషానికి మారుస్తా. ఫైలు పదింతలు పెరుగుతుంది నిజమే, పెరిగినా ఇప్పటి డిస్కులకి అదొక లెక్క కాదు. అయితే మార్చడంలో కూడా ఒక తిరకాసు ఉంది. పాత అలవాటు కొద్దీ క్రాన్ ఫైలు మార్చేసి వెళ్లిపోతే కొత్త మెషీన్లలో ఏమీ జరగదు, ఎందుకంటే అక్కడ పని చేసేది సిస్టమ్‌డీ టైమర్. ఆ టైమర్‌ని ఎడిట్ చేసేటప్పుడు కూడా ఆన్‌క్యాలెండర్ అన్న లైను ముందు ఖాళీగా ఒకసారి రాసి, తర్వాత కొత్త విలువ రాయాలి. ఖాళీ లైను రాయకపోతే పాత షెడ్యూలు కొట్టేయబడదు, కొత్తది దాని పక్కన చేరుతుంది.

మూడోది చిన్నదే గానీ చిరాకు. అమెరికా లొకేల్ (భాష, టైము రాసే పద్ధతి సెట్టింగు) ఉన్న మెషీన్‌లో టైము ఏఎం, పీఎంతో వస్తుంది. టైముకీ ఏఎంకీ మధ్య ఖాళీ ఉండటంతో కాలమ్‌లన్నీ ఒకటి పక్కకి జరుగుతాయి. కాలమ్‌లు ఏరుకునే ఆక్ అనే టూల్‌తో రాసుకున్న స్క్రిప్ట్ ఒక సర్వర్‌లో ఐడిల్ చదివితే ఇంకో సర్వర్‌లో దాని పక్కనున్న స్టీల్ అనే కాలమ్ చదువుతుంది. నా స్క్రిప్ట్ ఒకటి రెండు వారాలు ఇలాగే తప్పుడు అంకెలు మెయిల్ చేసింది, నేను కూడా వాటిని అందరికీ ఫార్వర్డ్ చేశా. ఎల్‌సీ టైమ్ అనే వేరియబుల్‌కి సి అని పెట్టి నడిపితే 24 గంటల లెక్కలో వస్తుంది. ఇంకా నయం కావాలంటే ఎస్‌ఏడీఎఫ్‌తో జేసన్‌లోనో సెమీకోలన్లతో విడదీసిన వరసల్లోనో తీసుకుంటే ఈ బాధే ఉండదు. అదే ఎస్‌ఏడీఎఫ్‌కి మైనస్ జి ఇస్తే ఎస్‌వీజీ బొమ్మ గీసి ఇస్తుంది, పైవాళ్లకి పంపడానికి బాగుంటుంది. అంకెలు చూపిస్తే నమ్మనివాళ్లు ఎర్ర గీత పైకి లేస్తే నమ్ముతారు.

నాలుగోది, ఫైలు బైనరీ. ఒక మెషీన్‌లో రాసిన ఫైలుని వేరే వెర్షన్ ఉన్న ఇంకో మెషీన్‌లో తెరవబోతే చాలాసార్లు చెల్లదు పొమ్మంటుంది. ఎస్‌ఏడీఎఫ్ మైనస్ సి తో కొత్త ఫార్మాట్‌లోకి మార్చుకోవచ్చు, పాత వెర్షన్‌కి కొత్త ఫైలు మాత్రం ఇవ్వలేం. అర్ధరాత్రి క్లయింటు ఫైలు పంపి చూడమన్నప్పుడు ఇది తెలిస్తే బీపీ పెరుగుతుంది.

ప్రాసెస్ వివరాలు లేవన్న లోటుకి నేను చేసుకున్న ఏర్పాటు ఎటాప్. అది కూడా వెనకాల రికార్డు చేస్తుంది, మామూలుగా పది నిమిషాలకోసారే, కానీ ప్రాసెస్‌ల వారీగా. తర్వాత ఫైలు తెరిచి చిన్న టి నొక్కితే ముందుకి, పెద్ద టి నొక్కితే వెనక్కి వెళ్తుంది, వీడియో చూసినట్టు. ప్రాసెస్ అకౌంటింగ్ ఉంటే రెండు రికార్డుల మధ్యలో పుట్టి చచ్చిపోయిన ప్రాసెస్‌లు కూడా అందులో కనిపిస్తాయి. స్క్రిప్టులు వేలకొద్దీ చిన్న ప్రాసెస్‌లను పుట్టించే చోట ఇది ప్రాణం. మరి ఎటాప్ ఒక్కటే సరిపోదా అంటే, ఫైళ్లు లావు, ఇరవై రోజుల ట్రెండు ఒక్క చూపులో చూడటానికి సార్ అంత సులువు కాదు. రెండూ పెట్టుకోండి, కొట్టుకోవు.

గ్రాఫులు గీసే గ్రఫానా, అంకెలు పోగుచేసే ప్రోమీథియస్ ఉండగా ఇవన్నీ ఎందుకని కొత్తవాళ్లు అడుగుతారు. వాడండి, నేనూ వాడతా, యాభై సర్వర్లు ఒకచోట చూడాలంటే అవే దిక్కు. అయితే అవి నెట్‌వర్క్ మీదుగా వచ్చి సర్వర్‌ని అడిగి అంకెలు తీసుకెళ్తాయి. నెట్‌వర్కే తెగినప్పుడు, లేదా సర్వర్ బదులివ్వలేనంత ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు, సరిగ్గా మనకి కావలసిన ఆ పదిహేను నిమిషాలూ గ్రాఫులో తెల్లగా ఉంటుంది. సార్ ఆ సర్వర్ డిస్క్ మీదే రాసుకుంటాడు. మధ్యలో మెషీన్ రీబూట్ అయితే ఆ సంగతి కూడా ఫైల్లో ఒక లైనుగా ఉంటుంది. ఆ ఒక్క లైను చూపించి "నేను రీబూట్ చేయలేదు" అన్నవాళ్ల నోళ్లు మూయించిన సందర్భాలున్నాయి.

లోడ్ యావరేజ్ గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. సార్ మైనస్ క్యూ దాన్ని చూపిస్తుంది, ఒకటి, అయిదు, పదిహేను నిమిషాల లెక్కలు. ఒక మధ్యాహ్నం అలర్ట్ వచ్చింది, లోడ్ 140. పదహారు కోర్ల మెషీన్. అందరూ పరుగో పరుగు, సీపీయూలు పెంచుదామని ఒకరు, రీబూట్ చేద్దామని ఒకరు. చూస్తే ఐడిల్ 97. లోడ్ 140, సీపీయూ ఖాళీ! కొత్తవాళ్లకి ఇది దెయ్యం కథలా ఉంటుంది. మిగతా యూనిక్స్‌లలో లోడ్ అంటే సీపీయూ మీద నడుస్తున్నవీ దానికోసం క్యూలో నిలబడ్డవీ. లైనక్స్‌లో మాత్రం 1993 నుంచి డి స్టేట్‌లో ఉన్నవాటిని, అంటే డిస్కో ఇంకేదో తేలేదాకా లేపడానికి వీల్లేని నిద్రలో ఉన్నవాటిని కూడా కలుపుతారు. మా మెషీన్‌లో ఎన్ఎఫ్ఎస్ మౌంటు (నెట్‌వర్క్ మీదుగా తగిలించుకున్న వేరే సర్వర్ డైరెక్టరీ) ఒకటి అవతల సర్వర్ పడిపోయి వేలాడుతోంది, దాన్ని ముట్టుకున్న ప్రతి ప్రాసెస్సూ అక్కడే బిగుసుకుపోయింది. అవతల సర్వర్ లేచిన రెండు నిమిషాల్లో లోడ్ దిగడం మొదలైంది. రీబూట్ చేసుంటే ఏం తేలేది కాదు, అసలు అంత తేలిగ్గా షట్‌డౌన్ అయ్యేదో లేదో కూడా. కొత్త కెర్నల్స్‌లో, 4.20 నుంచి, ప్రెషర్ స్టాల్ లెక్కలు వచ్చాయి, పీఎస్ఐ అంటారు. సీపీయూ కోసం, మెమరీ కోసం, ఐవో కోసం పనులు ఎంత శాతం కాలం ఆగిపోయాయో విడివిడిగా చెప్తుంది. సిస్‌స్టాట్ కొత్త వెర్షన్లు వీటిని కూడా రికార్డు చేస్తాయి. లోడ్ యావరేజ్ చూసి కంగారుపడే రోజులు దీంతో కొంత తగ్గాయి నాకు.

వర్చువల్ మెషీన్ మీద ఉన్నవాళ్లు స్టీల్ అనే కాలమ్ వదలొద్దు. మన మెషీన్ సీపీయూ అడిగినా హైపర్‌వైజర్ (ఒకే అసలు మెషీన్‌ని పలు వర్చువల్ మెషీన్లకి పంచేది) ఇంకొకరికి ఇచ్చేసిన కాలం అది. ఒక హోస్టింగ్ వాళ్ల దగ్గర, పేరొద్దులెండి, వారం రోజులు మా కోడ్‌లో తప్పు వెతుక్కున్నాం. సార్ ఫైలు తెరిస్తే సాయంత్రం వేళల్లో స్టీల్ 18, 20. టికెట్ పెడితే మీ వాడకం ఎక్కువుందని బదులొచ్చింది. వారం రోజుల స్టీల్ గ్రాఫు జోడించి మళ్లీ పెడితే ఏమీ మాట్లాడకుండా వేరే హోస్టుకి మార్చారు. స్టీల్ ఒకటికి దిగింది.

ఐబీఎం వాళ్ల యూనిక్స్ అయిన ఏఐఎక్స్ మీద ఉన్నవాళ్లకి ఎన్‌మాన్ అనే ఇలాంటి టూలు ఉంది, నైజెల్ గ్రిఫిత్స్ రాసినది, లైనక్స్‌లోనూ దొరుకుతుంది, ఏఐఎక్స్‌లో మాత్రం దానికి సాటి లేదంటా. అక్కడ షేర్డ్ పార్టిషన్లలో (ప్రాసెసర్లను పంచుకునే విభాగాల్లో) యూజర్, ఐడిల్ శాతాలు చూసి మోసపోకుండా ఫిజికల్‌గా ఎంత ప్రాసెసర్ తిన్నది, ఇచ్చిన వాటాలో అది ఎంత శాతం అన్న రెండు కాలమ్‌లు చూడాలి. సొలారిస్‌లో పీఆర్‌స్టాట్ మైనస్ ఎంఎల్ ఒక్కో థ్రెడ్ కాలం ఎక్కడ పోయిందో, లాక్ కోసమా, సీపీయూ క్యూలోనా, నిద్రలోనా, శాతాల్లో పరిచేస్తుంది. అది చూసిన కళ్లతో టాప్ చూస్తే బోసిగా ఉంటుంది.

ఇక ట్యూనింగ్. కొలవకుండా తిప్పేవాళ్ల మీద నా కడుపుమంట ఇది. ఒకాయన నెట్‌లో దొరికిన నలభై లైన్ల సిస్‌కంట్రోల్ సెట్టింగులు, అంటే కెర్నల్ సెట్టింగులు, ఎత్తుకొచ్చి ప్రొడక్షన్‌లో అంటించాడు. అందులో మూసిన కనెక్షన్లని త్వరగా వదిలించుకునే టీసీపీ టైమ్‌వెయిట్ రీసైకిల్ ఒకటుంది. దాంతో ఒకే రౌటరు వెనక, నాట్ కింద (ఒకే అడ్రసు పంచుకుంటూ) ఉన్న యూజర్లలో కొందరికి కనెక్షన్ దొరికేది, కొందరికి దొరికేది కాదు, అదీ ఒకసారి దొరికి ఒకసారి దొరక్క. మూడు రోజులు తల పట్టుకున్నాం. ఆ సెట్టింగు ఇంతమందిని ఏడిపించాక కెర్నల్ 4.12లో దాన్నే పీకేశారు. పాత సలహాల పేజీల్లో మాత్రం ఇంకా బతికే ఉంది.

కెర్నల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే స్వాపీనెస్ ఇంకోటి. మామూలు విలువ 60. "స్వాప్ అంటే చెడ్డది" అని సున్నా పెట్టేస్తారు. కెర్నల్ 3.5 తర్వాత సున్నా అంటే దాదాపు పీకల మీదికొచ్చేదాకా స్వాప్ చేయకపోవడం, మెమరీ బిగిస్తే ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోయినప్పుడు ప్రాసెస్‌లను చంపేది) వచ్చి అన్నిటికన్నా లావుపాటి ప్రాసెస్‌ని, అంటే సాధారణంగా మన డేటాబేస్‌నే, లేపేస్తుంది. స్వాప్‌లో రెండు జీబీ పడి ఉందంటే అదేం రోగం కాదు, ఎప్పుడో వాడక పక్కన పెట్టిన సామాను అటక మీద పడేసినట్టు. ప్రతి సెకనూ అటక ఎక్కుతూ దిగుతూ ఉంటే అప్పుడు రోగం. సార్ మైనస్ పెద్ద డబ్ల్యూ చూపించేది ఆ ఎక్కడం దిగడమే. ఇక "ఫ్రీ మెమరీ తక్కువుంది" అని గంటకోసారి క్యాష్ ఖాళీ చేసే క్రాన్ జాబు పెట్టినవాళ్లని ఏమనాలో నాకు తెలియట్లేదు. కెర్నల్ ఖాళీ మెమరీని ఫైల్ క్యాష్‌కి వాడుకుంటుంది, ఎవరైనా అడిగితే ఇచ్చేస్తుంది, చూడాల్సింది అవైలబుల్ అనే అంకె. ఆ క్రాన్ జాబు ఉన్న సర్వర్ సార్ గ్రాఫులో గంట కొట్టినట్టు ప్రతి గంటకీ డిస్క్ రీడ్లు నిటారుగా లేచేవి. జాబు తీసేశాక గీత చదునైంది. ఆ వారంలో నేను చేసిన ట్యూనింగ్ అంతా ఒక లైను తీసేయడమే.

మార్కులు అడుగుతారు కాబట్టి అయిదుకి నాలుగు. ప్రాసెస్ వివరాలు రాసుంటే అయిదూ ఇచ్చేవాణ్ని, పది నిమిషాల డిఫాల్ట్ మీద కోపంతో అర తగ్గిద్దామనుకున్నా గానీ మనం మార్చుకోవచ్చు కదా అని ఊరుకున్నా. ఒకే ఒక్క మెషీన్ ఉండి, దానికి ఎప్పుడూ ఎదురుగానే కూర్చునేవాళ్లకి హెచ్‌టాప్ చాలు, ఇది అక్కర్లేదు.

నిన్న నాకు కొత్తగా రెండు సర్వర్లు అప్పగించారు, స్లోగా ఉన్నాయట. వెంటనే ఏమేం మార్చాలో ఒక పొడుగాటి జాబితా కూడా పంపారు. సిస్‌స్టాట్ ఆన్ చేసి, టైమర్ నిమిషానికి తిప్పి, ఎటాప్ పెట్టి, వారం ఆగమన్నా. జాబితా ఇంకా తెరవలేదు.